డిస్కు పోయిందని కంగారుపడి క్రియేట్ కొట్టకండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ గురించే. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒక్కటిగా వాడడం. అందులో రెయిడ్ 5 అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచే రకం. లైనక్స్‌లో రెయిడ్‌ను నడిపే పనిముట్టు ఎండీఆడమ్. స్పెల్లింగ్ ఎమ్, డి, ఎ, డి, ఎమ్. 2001లో నీల్ బ్రౌన్ రాసినప్పుడు దీనికి ఎండీసీటీఎల్ అని పేరు పెట్టారు. ఆ పాత పేరు ఇప్పుడు పెద్దగా కనిపించదు.

ఒక సర్దుబాటు. కమాండ్లను పలికినట్టే తెలుగులో ఇస్తున్నాం. టెర్మినల్లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసినచోట విడిగా చెబుతాం. గీతలు, స్లాష్‌లు, అంకెలు ఇక్కడ ఎలా ఉంటే అలాగే. అన్నీ రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న ఖాతాతో) నడపాల్సినవే.

ప్రశ్న: మా స్టూడియోలో పెళ్లి ఫొటోలు, వీడియోలు దాచే సర్వర్లో 4 టీబీ డిస్కులు నాలుగు రెయిడ్ 5లో ఉన్నాయి. నిన్నటి నుంచి «క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్» కొడితే ఇలా వస్తోంది:

ఎండీ0 : యాక్టివ్ రెయిడ్5 ఎస్‌డీడీ1[4] ఎస్‌డీసీ1[2](ఎఫ్) ఎస్‌డీబీ1[1] ఎస్‌డీఏ1[0]
[4/3] [యూయూ_యూ]

ఫైళ్లు మాత్రం తెరుచుకుంటున్నాయి. డిస్కు ఎలా మార్చాలండీ? ఇంకో చిన్న అనుమానం. ఉన్నవి నాలుగే కదా, చివరిదానికి (ఎస్‌డీడీ1) 3 బదులు 4 ఎందుకు వచ్చింది?
– ఫొటో స్టూడియో యజమాని, తెనాలి

జవాబు: అనుమానం ముందు తీర్చేద్దాం. బ్రాకెట్లో ఉన్నది డిస్కు కూర్చున్న స్థానం కాదు, చేరిన వరుస. రెయిడ్ 5 కొత్తగా కట్టేటప్పుడు ఎండీఆడమ్ మొదట మూడింటితోనే, ఒకటి తక్కువగా మొదలుపెట్టి, నాలుగోదాన్ని స్పేర్‌గా (అదనపు డిస్కుగా) చేర్చి దాని మీదకు రీబిల్డ్ చేస్తుంది, అంటే మిగతావాటి నుంచి లెక్కకట్టి రాస్తుంది. పారిటీ (పోయిన ముక్కను తిరిగి లెక్కకట్టడానికి దాచే అదనపు డేటా) మొత్తాన్ని చదివి సరిచేయడం కన్నా అలా ఒకే డిస్కు మీద వరుసగా రాసుకుపోవడం త్వరగా అవుతుంది. ఆలస్యంగా చేరింది కాబట్టి దానికి 4 వచ్చింది. తప్పేమీ లేదు. స్థానం చూడాలంటే [యూయూ_యూ] చూడండి. ఎడమ నుంచి మూడోది ఖాళీ, అంటే ఎస్‌డీసీ పోయింది. (ఎఫ్) అన్నా అదే.

డిస్కు మీద చెయ్యి వేసే ముందు, వేరే ఎక్కడా కాపీ లేని ఫోల్డర్లు ఏవో చూసి ముందు వాటిని బయటి డిస్కుకు దించండి. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది పేరుకు రెయిడ్ 5, గుణానికి రెయిడ్ 0. ఇంకొక్కటి పోతే అంతా పోయినట్టే.

తర్వాతి పని ఆ డిస్కు పెట్టెలో ఎక్కడుందో గుర్తుపట్టడం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎస్‌డీసీ అంటే పైనుంచి మూడోది అనుకుని పీకుతారు. ఆ పేర్లు బూట్ అయినప్పుడల్లా మారొచ్చు. మదర్‌బోర్డు మీద పోర్టుల వరుసకూ కేబినెట్‌లో డిస్కుల వరుసకూ సంబంధం ఉండాలని లేదు. నమ్మదగింది సీరియల్ నంబర్ ఒక్కటే. «స్మార్ట్‌సీటీఎల్ -ఐ /డెవ్/ఎస్‌డీఏ» అని ఒక్కోదానికీ కొట్టి నంబర్లు కాగితం మీద రాసుకోండి. పోయిన డిస్కు జవాబు ఇవ్వకపోతే బాగున్న మూడింటి నంబర్లు చాలు. పెట్టె తెరిచాక ఆ జాబితాలో లేని లేబుల్ ఏదో అదే పోయినది.

ఇప్పుడు దాన్ని రెయిడ్ నుంచి విడదీయాలి:

«ఎండీఆడమ్ /డెవ్/ఎండీ0 --రిమూవ్ /డెవ్/ఎస్‌డీసీ1»

మీది ఇప్పటికే (ఎఫ్) అయింది కాబట్టి ముందు --ఫెయిల్ అక్కర్లేదు. డిస్కు సిస్టమ్‌కే కనపడకుండా పోయి ఉంటే డివైస్ పేరు బదులు «డిటాచ్డ్» అని ఇవ్వాలి. హాట్‌స్వాప్ ట్రేలు లేకపోతే సర్వర్ ఆపి మార్చండి.

కొత్త డిస్కు పాతదానికన్నా కాస్త చిన్నదైనా ఎండీఆడమ్ చేర్చుకోకపోవచ్చు. ఈరోజుల్లో 4 టీబీ డిస్కులు దాదాపు అన్నీ 7,81,40,37,168 సెక్టార్లతోనే వస్తాయి. అయినా తొలిసారి పార్టిషన్ చేసేటప్పుడే చివర 100 ఎంబీ వదిలేసినవాళ్లకు ఈ తలనొప్పి ఉండదు. కొనేటప్పుడు మోడల్ నంబర్ పట్టుకుని ఎస్ఎంఆరో సీఎంఆరో (డిస్కు మీద ట్రాకులు పరిచే రెండు పద్ధతులు) తయారీదారు షీట్‌లో చూడండి. ఎస్ఎంఆర్ అయితే వద్దు. ఎందుకో కింద వేరే ప్రశ్నలో ఉంది.

బిగించాక «ఎల్ఎస్‌బీఎల్‌కే»తో కొత్త డిస్కు పేరు చూడండి. ఎస్‌డీఈ అనుకుందాం. బాగున్న డిస్కు నుంచి పార్టిషన్ పట్టికను దానిమీదకు దింపాలి:

«ఎస్‌జీడిస్క్ -ఆర్ /డెవ్/ఎస్‌డీఈ /డెవ్/ఎస్‌డీఏ»
«ఎస్‌జీడిస్క్ -జీ /డెవ్/ఎస్‌డీఈ»

ఇక్కడ ఆర్, జీ రెండూ పెద్ద అక్షరాలు. మొదటి లైన్ ఎంటర్ కొట్టేముందు ఒకసారి పైకి చదవండి: కొత్తది ముందు, పాతది వెనక. తిరగేస్తే ఖాళీ పట్టిక వెళ్లి బాగున్న డిస్కు మీద పడుతుంది. రెండో లైన్ కొత్త డిస్కుకు సొంత గుర్తింపు సంఖ్యలు ఇస్తుంది. అది మరిచిపోతే ఒకే ఐడీతో రెండు డిస్కులు తిరుగుతుంటాయి. ఇక చేర్చడమే:

«ఎండీఆడమ్ /డెవ్/ఎండీ0 --యాడ్ /డెవ్/ఎస్‌డీఈ1»

రీబిల్డ్ వెంటనే మొదలవుతుంది. సెకనుకు సగటున 150 ఎంబీ లెక్కన 4 టీబీకి సుమారు ఏడున్నర గంటలు. లోపలి ట్రాకులకు వచ్చేసరికి డిస్కు నెమ్మదిస్తుంది కనుక పది గంటలు అనుకోండి. మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. ఎంతవరకు అయిందో సూపర్‌బ్లాక్‌లో (ప్రతి డిస్కు మీదా రెయిడ్ వివరాలు దాచే చోటు) రాసుకుంటుంది. ఇవే డిస్కుల నుంచి బూట్ అయ్యే మెషినైతే కొత్తదాని మీద «గ్రబ్-ఇన్‌స్టాల్» కూడా నడపాలి. లేకపోతే పాత డిస్కు పోయిన రోజున డేటా ఉంటుంది, మెషిన్ లేవదు.

ఈ పది గంటల్లో మిగతా మూడు డిస్కులను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, 12 టీబీ చదవాలి. మామూలు డిస్కుల షీట్లలో చదవలేని తప్పు 10¹⁴ బిట్లకు ఒకటికి మించదని రాస్తారు. అంటే 12.5 టీబీకి ఒకటి. అది తయారీదారు ఒప్పుకునే గరిష్ఠ హద్దే, నిజంగా అంత తరచుగా రాదు. కానీ వస్తే, ఆ ముక్కను తిరిగి లెక్కకట్టడానికి మీకు ఇంకో దారి లేదు. ముందు కాపీ దించమన్నది అందుకే.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్ సర్వర్. రెయిడ్ 5 బాగానే ఉంది, [యూయూయూయూ]. కానీ ఒక డిస్కు స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చేది) కరెంట్ పెండింగ్ సెక్టార్ 8 చూపిస్తోంది. --ఫెయిల్ కొట్టి తీసేయమంటారా?
– సిస్టమ్ అడ్మిన్, వరంగల్

జవాబు: వద్దు. కుంటుతున్న ఎద్దును విప్పేసి బండి నడపడం లాంటిది అది. ఆ డిస్కులో చదవలేనివి ఎనిమిది సెక్టార్లు, మిగతాదంతా చదవొచ్చు. ఫెయిల్ కొడితే ఆ మంచి భాగాన్ని కూడా చేజేతులా వదులుకున్నట్టు. కొత్త డిస్కును ఖాళీగా ఉన్న పోర్టుకు తగిలించి, పార్టిషన్ చేసి, స్పేర్‌గా --యాడ్ చేసి, ఇలా కొట్టండి:

«ఎండీఆడమ్ /డెవ్/ఎండీ0 --రీప్లేస్ /డెవ్/ఎస్‌డీసీ1 --విత్ /డెవ్/ఎస్‌డీఈ1»

పాతది పనిలో ఉండగానే దాని నకలు కొత్తదానిమీదకు వెళ్తుంది. చదవలేని చోటు వస్తే మిగతా మూడింటి నుంచి లెక్కకట్టి రాస్తుంది. ఎక్కడా డిగ్రేడెడ్ (ఒక డిస్కు తక్కువగా నడిచే స్థితి) అవదు. పని పూర్తయ్యాకే పాతది (ఎఫ్) అవుతుంది. కెర్నల్ 3.3 నుంచి ఈ వసతి ఉన్నా, వాడేవాళ్లు తక్కువ. పోర్టు ఖాళీ లేకపోవడమే దానికి ముఖ్య కారణం. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి అయినా రీప్లేస్ చేసుకుని, తర్వాత సర్వర్ ఆపి లోపలికి మార్చుకోవచ్చు. డబ్బా సెక్టార్ సైజును మార్చి చూపించే రకం కాకూడదు, అంతే.

మీవి డెస్క్‌టాప్ డిస్కులైతే ఇంకోటి కూడా చూడండి. అవి చెడ్డ సెక్టార్ దగ్గర నిమిషాల తరబడి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. కెర్నల్ 30 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత డిస్కు చచ్చిందనుకుని రీసెట్ చేస్తుంది, రెయిడ్ దాన్ని బయటికి తోస్తుంది. ఒక్క సెక్టార్ తప్పుకు డిస్కే పోయినట్టు లెక్క. «స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 /డెవ్/ఎస్‌డీసీ» కొడితే 7 సెకన్లకే చేతులెత్తేయమని డిస్కుకు చెప్పినట్టు. 70 అంటే సెకనులో పదో వంతులు. ఆ మాట వినని డిస్కుకు కెర్నల్ గడువే పెంచాలి: «ఎకో 180 > /సిస్/బ్లాక్/ఎస్‌డీసీ/డివైస్/టైమౌట్». చాలా డిస్కుల్లో పవర్ తీస్తే మొదటిది పోతుంది, కెర్నల్ గడువు రీబూట్‌తోనే పోతుంది. బూట్ స్క్రిప్టులో పెట్టుకోండి.

ప్రశ్న: మా ఆడిటింగ్ ఆఫీసు సర్వర్ కరెంటు పోయి వచ్చాక లేచింది గానీ రెయిడ్ 5 లేవలేదు. ఎండీస్టాట్‌లో ఇన్‌యాక్టివ్ అని, డిస్కులన్నిటి పక్కనా (ఎస్) అని ఉంది. --ఎగ్జామిన్‌లో ఈవెంట్స్ వరుసగా 48211, 48211, 48207, 31950. తెలిసినాయన ఒకరు --క్రియేట్ --అస్యూమ్-క్లీన్ కొడితే వచ్చేస్తుందన్నారు. కొట్టేయమంటారా?
– ఆఫీసు మేనేజర్, గుంటూరు

జవాబు: కొట్టలేదు కదా? అయితే మీ డేటా వచ్చే అవకాశం బాగా ఉంది.

క్రియేట్ అంటే పాత సూపర్‌బ్లాకుల మీద కొత్తవి రాయడం. డిస్కుల వరుస, చంక్ సైజు (డేటాను డిస్కులకు పంచే ముక్క పరిమాణం), మెటాడేటా వెర్షన్, డేటా ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆఫ్‌సెట్, ఇవన్నీ పాతవాటితో అచ్చంగా కలిస్తేనే లోపలి ఫైల్‌సిస్టమ్ కనపడుతుంది. ఎండీఆడమ్ డిఫాల్ట్‌లు కాలంతో పాటు మారాయి. చంక్ ఒకప్పుడు 64 కేబీ, 3.1 వెర్షన్ నుంచి 512. ఆఫ్‌సెట్ ఒకప్పుడు 2048 సెక్టార్లు ఉన్నచోట కొత్త వెర్షన్లు 262144, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కూడా తీసుకుంటాయి. ఆ వివరాలన్నీ రాసిపెట్టుకున్న ఒకే ఒక్క చోటు ఆ పాత సూపర్‌బ్లాక్. దాన్నే చెరిపేయమని సలహా ఇచ్చారాయన.

మీరిచ్చిన నాలుగు అంకెల్లోనే కథంతా ఉంది. రెయిడ్‌లో మార్పు జరిగినప్పుడల్లా ఈవెంట్ లెక్క పెరుగుతుంది. మొదటి రెండూ సమానం. మూడోది నాలుగే వెనకబడింది, అది కరెంటు పోయిన క్షణంలో జారిపోయినది. నాలుగోది 31950. అది నిన్న పోయింది కాదు. దాని --ఎగ్జామిన్‌లో అప్‌డేట్ టైమ్ అనే లైన్ చూడండి, వారాలో నెలలో వెనకటి తేదీ ఉంటుంది. అప్పటి నుంచి మీ ఆఫీసు మూడు డిస్కుల మీదే నడిచింది, ఎవరికీ తెలియలేదు.

ఏది చేసినా ముందు అన్నిటి --ఎగ్జామిన్ వివరాలు ఒక ఫైల్లో భద్రపరచండి. పెన్‌డ్రైవ్‌లోకి, రెయిడ్‌లోకి కాదు:

«ఎండీఆడమ్ --ఎగ్జామిన్ /డెవ్/ఎస్‌డీ[ఏబీసీడీ]1 > /ఎంఎన్‌టీ/పెన్/ఎగ్జామిన్.టెక్స్ట్»

తర్వాత మూడో డిస్కు స్మార్ట్ రిపోర్టు చూడండి. 199వ వరుసలో యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ పెరిగి, పెండింగ్ సెక్టార్లు సున్నా ఉంటే డిస్కు మంచిదే, కేబులో పవర్ స్ప్లిటరో తేడా. కేబుల్ మార్చండి. పెండింగ్ సెక్టార్లు ఉంటే మాత్రం అసలు డిస్కుతో పని చేయకండి. «డీడీరెస్క్యూ»తో కొత్త డిస్కు మీదకు నకలు తీసి, అసలుదాన్ని విప్పి పక్కన పెట్టి, నకలుతోనే ముందుకు వెళ్లండి. రెండూ తగిలి ఉంటే ఒకే ఐడీతో రెండు కనపడి ఎండీఆడమ్ తికమకపడుతుంది.

అప్పుడు:

«ఎండీఆడమ్ --స్టాప్ /డెవ్/ఎండీ0»
«ఎండీఆడమ్ --అసెంబుల్ --ఫోర్స్ /డెవ్/ఎండీ0 /డెవ్/ఎస్‌డీఏ1 /డెవ్/ఎస్‌డీబీ1 /డెవ్/ఎస్‌డీసీ1»

నాలుగోది ఇవ్వకండి, అందులో ఉన్నది పాత కాలపు డేటా. మూడు చాలు. --ఫోర్స్ చేసేది మూడో డిస్కు ఈవెంట్ లెక్కను మిగతావాటితో సమానం చేయడమే. ఆ నాలుగు ఈవెంట్ల మధ్య రాస్తున్న ఫైళ్లు ఒకటీ అరా పాడై ఉండొచ్చు.

లేచాక వెంటనే మామూలుగా మౌంట్ చేయకండి. ఈఎక్స్‌టీ4 అయితే «మౌంట్ -ఓ ఆర్ఓ,నోలోడ్» అని, చదవడానికి మాత్రమే తెరిచి, ట్యాలీ ఫోల్డర్, స్కాన్ చేసిన ఫైళ్లు బయటికి కాపీ చేసుకోండి. కొన్ని పీడీఎఫ్‌లు, పెద్ద ఫైళ్లు తెరిచి చూడండి. చిన్న ఫైళ్లు తెరుచుకుని పెద్దవి సగంలో చెడితే, అందులో ఇవ్వకూడని డిస్కు ఉందని అర్థం. ఆపి మళ్లీ అంకెలు చూడండి. అంతా బాగుంటేనే «ఎఫ్‌ఎస్‌సీకే -ఎన్» (ఏమీ మార్చకుండా ఫైల్‌సిస్టమ్ తనిఖీ), ఆ తర్వాత మామూలు ఎఫ్‌ఎస్‌సీకే. నాలుగోదాని స్థానంలో కొత్త డిస్కు చివరిగా చేర్చండి.

ఇక నెలల తరబడి తెలియకపోవడం సంగతి. కాన్ఫిగ్ ఫైల్లో (ఉబుంటు, డెబియన్లలో /ఈటీసీ/ఎండీఆడమ్/ఎండీఆడమ్.కాన్ఫ్, రెడ్‌హ్యాట్ తరహావాటిలో /ఈటీసీ/ఎండీఆడమ్.కాన్ఫ్) పెద్ద అక్షరాల్లో మెయిల్‌యాడర్ అని రాసి (ఇంగ్లిష్‌లో మెయిల్ పక్కనే ఎ, డి, డి, ఆర్) మీ ఈమెయిల్ ఇవ్వాలి. ఇచ్చి వదిలేయకూడదు. «ఎండీఆడమ్ --మానిటర్ --స్కాన్ --వన్‌షాట్ --టెస్ట్» కొట్టి పరీక్ష మెయిల్ నిజంగా ఫోన్‌కు వచ్చిందో లేదో చూడాలి. సర్వర్లో మెయిల్ బయటికి పంపే ఏర్పాటు లేకపోతే ఆ హెచ్చరిక సర్వర్ దాటదు. మీ విషయంలో బహుశా జరిగింది అదే. యూపీఎస్ కూడా ఉట్టి బ్యాటరీగా కాకుండా యూఎస్‌బీతో సర్వర్‌కు కలిపి, చార్జ్ తగ్గగానే తనంతట తాను షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. వేసవిలో కోతలు రెండు గంటలు దాటే ఊళ్లలో బ్యాటరీ ఒక్కటీ ఆదుకోదు.

ప్రశ్న: రీబిల్డ్ స్పీడ్ 1000 కే దగ్గరే పాకుతోంది, 40 రోజులు అంటోంది. మామూలేనా?
– విజయవాడ

జవాబు: ఎవరో ఆ డిస్కుల మీద గట్టిగా పని చేస్తున్నారు. ఎండీకి రెండు హద్దులు ఉంటాయి. ఇతరులు డిస్కు వాడుతుంటే కనీసం ఇంత అని మినిమమ్, డిఫాల్ట్ సెకనుకు 1000 కేబీ. ఎవరూ లేనప్పుడు ఇంతకు మించొద్దని మాగ్జిమమ్, 200000 కేబీ. రాత్రి పూట మినిమమ్ పెంచండి:

«ఎకో 50000 > /ప్రాక్/సిస్/డెవ్/రెయిడ్/స్పీడ్_లిమిట్_మిన్»

రెయిడ్ 5, 6లకు /సిస్/బ్లాక్/ఎండీ0/ఎండీ/స్ట్రైప్_క్యాష్_సైజ్‌ను 256 నుంచి 4096కు పెంచితే కొంత ఊపు వస్తుంది. నాలుగు డిస్కులకు 64 ఎంబీ ర్యామ్ తీసుకుంటుంది, పెద్ద ఖర్చు కాదు.

మెషిన్ ఖాళీగా ఉన్నా పాకుతుంటే «ఐఓస్టాట్ -ఎక్స్ 5» నడిపి చూడండి. ఒక్క డిస్కే 100 శాతం దగ్గర నిలబడి, మిగతావి ఖాళీగా ఉంటే తేడా దాంట్లోనే. అది కొత్త డిస్కే అయి, మొదట వేగంగా నడిచి కాసేపటికి చతికిలబడి ఉంటే ఎస్ఎంఆర్ అని అనుమానించండి. ఆ డిస్కుల్లో ట్రాకులు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి కప్పి ఉంటాయి. ఒకచోట మార్చి రాయాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి. లోపలి క్యాష్ నిండేదాకా బాగుంటుంది, ఆ తర్వాతే నరకం.

ప్రశ్న: రీబూట్ చేస్తే ఎండీ0 కాస్తా ఎండీ127 అయి కూర్చుంటోంది, మౌంట్ అవడం లేదు.
– హైదరాబాద్

జవాబు: బూట్ మొదట్లో నడిచే ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో మీ రెయిడ్ వివరం లేదు. అందుకే పరాయిదనుకుని చివరి నంబర్ ఇచ్చింది. «ఎండీఆడమ్ --డీటెయిల్ --స్కాన్» ఇచ్చే లైన్‌ను ఎండీఆడమ్.కాన్ఫ్ చివర అతికించి, ఉబుంటులో «అప్‌డేట్-ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ», రెడ్‌హ్యాట్ తరహాలో «డ్రాకట్ -ఎఫ్» కొట్టండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఫైల్) ఎండీ0 అని కాకుండా ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ (దాని సొంత గుర్తింపు సంఖ్య) రాసుకుంటే పేరు ఏదైనా మౌంట్ ఆగదు.

ప్రశ్న: నాలుగు డిస్కుల రెయిడ్ 5కి ఐదోది చేర్చి రెయిడ్ 6 చేయొచ్చా? డేటా ఉండగానే?
– కర్నూలు

జవాబు: చేయొచ్చు, బ్యాకప్ తీసుకున్నాకే. రెయిడ్ 6 అంటే రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే రకం. ముందు --యాడ్, తర్వాత:

«ఎండీఆడమ్ --గ్రో /డెవ్/ఎండీ0 --లెవెల్=6 --రెయిడ్-డివైసెస్=5 --బ్యాకప్-ఫైల్=/రూట్/ఎండీ0.బ్యాక్»

బ్యాకప్ ఫైల్ ఈ రెయిడ్ మీద ఉండకూడదు, వేరే డిస్కు మీద ఉండాలి. మధ్యలో మెషిన్ ఆగిపోతే మళ్లీ --అసెంబుల్ చేసేటప్పుడు ఆ ఫైలే అడుగుతుంది. డేటా డిస్కుల సంఖ్య మూడే ఉంటుంది కాబట్టి ప్రతి ముక్కనూ ఆ ఫైల్ మీదుగానే నడిపిస్తుంది. అందుకే మామూలు రీబిల్డ్ కన్నా చాలా నెమ్మది, పెద్ద డిస్కులైతే రోజులు పడుతుంది. జాగా పెరగదు, 4 టీబీలైతే 12 టీబీ ఎంతో అంతే. ఫైల్‌సిస్టమ్ పెంచే పని లేదు.

ప్రశ్న: మా సర్వర్లో మెగారెయిడ్ కార్డు ఉంది. కార్డు పాడై అదే మోడల్ ఇంకోటి పెట్టాం. డిస్కులన్నీ ఫారిన్ అంటోంది. ఎండీఆడమ్‌తో సరిచేయొచ్చా?
– ఆసుపత్రి ఐటీ విభాగం, రాజమహేంద్రవరం

జవాబు: ఎండీఆడమ్ ఇక్కడ పనికిరాదు. మెగారెయిడ్ అంటే రెయిడ్‌ను తానే నడిపే హార్డ్‌వేర్ కార్డు. కార్డు వెనకున్న డిస్కులు దానికి కనపడవు. కార్డుకు తగిన పనిముట్టు స్టోర్‌సీఎల్ఐ. ఫారిన్ అంటే చెడిపోయిందని కాదు, ఈ రెయిడ్‌ను కట్టింది నేను కాదని కొత్త కార్డు అంటోంది. డిస్కుల మీద వివరం అలాగే ఉంది. ముందు చూడండి:

«స్టోర్‌సీఎల్ఐ64 /సీ0/ఫాల్ షో»

ఇక్కడ ఫాల్ అంటే ఎఫ్ పక్కన ఆల్, ఫారిన్‌వి అన్నీ అని. డిస్కుల సంఖ్య, రెయిడ్ లెవెల్ మీకు తెలిసినట్టే ఉంటే చివర షో బదులు ఇంపోర్ట్ అని కొట్టండి. చివర డెల్ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, బయాస్ మెనూలో క్లియర్ అని కనపడేది అదే. అది కొడితే డిస్కుల మీద ఉన్న రెయిడ్ వివరం పోతుంది.

ఇంపోర్ట్ అయ్యాక «/సీ0/ఈఆల్/ఎస్ఆల్ షో»లో ఒక్కో డిస్కు స్థితి చూడండి. ఆన్‌ఎల్‌ఎన్ అంటే పనిలో ఉంది, ఆర్‌బీఎల్‌డీ అంటే రీబిల్డ్ అవుతోంది, యూబ్యాడ్ అంటే కార్డు దాన్ని చెడ్డదని లెక్కేసింది. మార్చాల్సినది ఎన్‌క్లోజర్ 252, స్లాట్ 3 అయితే «/సీ0/ఈ252/ఎస్3 స్టార్ట్ లొకేట్» కొడితే ఆ ట్రే లైటు వెలిగి ఆరుతుంటుంది. పీకాక స్టాప్ లొకేట్. కొత్త కార్డుకు బ్యాటరీ లేకపోయినా, చార్జ్ కాకపోయినా రైట్-బ్యాక్ (ముందు కార్డు మెమరీలో రాసుకుని తర్వాత డిస్కుకు పంపడం) కాస్తా రైట్-త్రూకు (నేరుగా డిస్కుకే రాయడం) దిగుతుంది, రాత నెమ్మదిస్తుంది. పాత కార్డు బ్యాటరీ మాడ్యూల్ బాగుంటే కొత్తదానికి మార్చుకోవచ్చు. అది చార్జ్ అయ్యేదాకా ఆ నెమ్మది మామూలే. బ్యాటరీ లేకుండా బలవంతంగా రైట్-బ్యాక్ పెట్టే ఏడబ్ల్యూబీ అనే సెట్టింగ్ ఉంది. రోగుల రికార్డులున్న సర్వర్లో దాన్ని ముట్టుకోకండి.